దమ్మపేట నుంచి డేరా దాకా: తెలుగునాట సర్కస్ చరిత్ర

సర్కస్ రైలు పట్టాల వెంట తిరిగిన వినోదం. ఏనుగులు, గుర్రాలు, పులుల బోనులు, బండెడు కాన్వాసు, ఇనుప స్తంభాలు, వందల మంది మనుషులు. ఇంత సరంజామాను ఊరి నుంచి ఊరికి మోయాలంటే తొలి రోజుల్లో గూడ్సు బండే దిక్కు. అందుకే రైలు ఆగిన పట్నంలోనే డేరా లేచింది. రైలు చేరని ఊళ్లు డేరా దగ్గరికి తామే కదిలి వెళ్లాయి. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న దమ్మపేట అలాంటి ఊళ్లలో ఒకటి. ఇటువంటి చోట్ల సర్కస్ చూడటమంటే ఇంటిల్లిపాదీ ముందుగా అనుకుని, పనులు సర్దుకుని, సద్దిమూట కట్టుకుని బయల్దేరడం. రైలు మార్గాలు, పట్నపు జీతాలు, పంట చేతికొచ్చే వేళలు కలిసిరావడంతో ఆ అలవాటు పెరిగింది. జంతువుల మీద, పిల్లల మీద చట్టాలు వచ్చాక, ఇళ్లలోకి టీవీ వచ్చాక తగ్గిపోయింది.

గడ, డోలు

సాహసం చూపి పొట్ట పోసుకునే విద్య తెలుగు పల్లెకు డేరాతో రాలేదు. దొమ్మరులు దాన్ని ఎన్నో తరాలుగా ఊరూరా తిప్పారు. ఊరి నడుమ ఖాళీ స్థలంలో పొడవాటి వెదురు గడ నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు లాగి కట్టేవారు. డోలు మోగుతుంటే ఆడమనిషి గడ మీదికి ఎగబాకి, కొన మీద పొట్ట ఆనించి, కాళ్లూ చేతులూ చాచి గిరగిరా తిరిగేది. కింద మగవాళ్లు పిల్లిమొగ్గలు వేసేవారు. పిల్లలు తాడు మీద నడిచేవారు. దీనికి టికెట్టు లేదు, చుట్టూ తడిక లేదు. ఆట అయ్యాక ఇల్లిల్లూ తిరిగి గింజలు, పాత బట్టలు, చిల్లర పోగు చేసుకునేవారు.

ఈ విద్య పాతదనానికి సాహిత్యంలోనూ శాసనాల్లోనూ ఆధారాలున్నాయి. శ్రీశైలం శివరాత్రి జాతరకు చేరిన రకరకాల ఆటగాళ్లను పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు. దొమ్మరులు తమ రాబడిలో కొంత గుడికి ఇచ్చిన సంగతి విజయనగర కాలపు శాసనాల్లో కనిపిస్తుంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ప్రచురించిన సంపుటాల్లో దొమ్మరుల కసరత్తుల ప్రస్తావన ఉంది.

ఊరికి కట్టుబడకుండా తిరిగే బతుకును బ్రిటిష్ ప్రభుత్వం అనుమానంగా చూసింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేశారు. సంచార కులాలు ఎన్నో పోలీసు జాబితాలకు ఎక్కాయి. దొమ్మరులు కూడా వాటిలో చేరారు. ఆ చట్టం 1952లో రద్దయింది. సరిగ్గా ఆ నలభై ఏళ్లలోనే తెలుగునాట డేరా సర్కస్‌కు పేరూ డబ్బూ వచ్చాయి. అదే రకం విద్య చేతిలో ఉన్నవాళ్లు మాత్రం డేరా బయటే ఉండిపోయారు.

లండన్ నుంచి తలశ్శేరికి

ఆధునిక సర్కస్ 1768లో లండన్‌లో మొదలైంది. సైన్యంలో గుర్రపు రౌతుగా పనిచేసిన ఫిలిప్ ఆస్ట్లీ గుండ్రటి బరిలో గుర్రాన్ని పరుగెత్తిస్తూ దాని వీపు మీద నిలబడి విన్యాసాలు చూపాడు. బరి గుండ్రంగా ఉంటే గుర్రం ఒకే వేగంతో తిరుగుతుంది. రౌతు కాస్త లోపలికి ఒరిగి నిలదొక్కుకోగలడు. బరి అడ్డుకొలత 42 అడుగుల దగ్గర స్థిరపడింది. ప్రపంచంలో చాలా సర్కస్‌లు ఇప్పటికీ ఆ కొలతనే పాటిస్తాయి.

ఈ కళ భారతదేశానికి ఇటలీ కంపెనీ వెంట వచ్చింది. జుసెప్పె కియారిని నడిపిన రాయల్ ఇటాలియన్ సర్కస్ 1879లో బొంబాయిలో ఆడింది. మరాఠా ప్రాంతంలోని కురుంద్‌వాడ్ సంస్థానంలో అశ్వ శిక్షకుడిగా ఉన్న విష్ణుపంత్ ఛత్రే ఆ ప్రదర్శన చూసి, సొంతంగా కంపెనీ కట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆయన గ్రేట్ ఇండియన్ సర్కస్ తొలి ఆట 1880 మార్చి 20న బొంబాయిలో జరిగింది. బెంగాల్లో ప్రియనాథ్ బోస్ పెట్టిన గ్రేట్ బెంగాల్ సర్కస్ పేరు తెచ్చుకుంది. అందులో సుశీలా సుందరి పులులతో ఆడి చూపింది. ఆడవాళ్లు గడప దాటడమే వింతగా చూసే కాలంలో పులి బోనులో అడుగుపెట్టిన మహిళ ఆమె.

ఛత్రే దక్షిణాదికి తిరుగుతూ మలబారు తీరంలోని తలశ్శేరికి వచ్చాడు. అక్కడ కీలేరి కుంజికణ్ణన్ అనే వ్యాయామ శిక్షకుడు పరిచయమయ్యాడు. కేరళ కళరి విద్య తెలిసిన కీలేరి ఆ మెళకువలకు సర్కస్ కసరత్తులు జోడించి పిల్లలకు నేర్పాడు. 1901లో తలశ్శేరి దగ్గర చిరక్కరలో సర్కస్ బడి తెరిచాడు. అక్కడ నేర్చుకున్నవాళ్లూ వారి శిష్యులూ దేశమంతటా కంపెనీలు పెట్టారు. తెలుగు పట్నాలకు వచ్చిన పెద్ద కంపెనీల్లో ఎక్కువ భాగం యజమానులు, ఊయల ఆటగాళ్లు, రింగ్ మాస్టర్లు మలయాళీలు కావడానికి మూలం ఆ బడిలో ఉంది. ఊరి పెద్దలు స్థలమిచ్చి, విద్య నేర్పే గురువు దొరికి, నేర్చినవారికి గౌరవం దక్కడం మలబారులో కలిసొచ్చింది. తెలుగునాట దొమ్మరి గడకు ఆ మూడూ దక్కలేదు.

కోడి రామ్మూర్తి కంపెనీ

తెలుగువాళ్ల సర్కస్ మరో దారిలో, కుస్తీ నేర్పే తాలింఖానా నుంచి వచ్చింది. కోడి రామ్మూర్తి నాయుడు 1880ల తొలి ఏళ్లలో ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి ఇంట పెరిగాడు. చదువు కంటే కుస్తీ మీద మనసు ఎక్కువ. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. తర్వాత పొట్టి పంతులు అనే మిత్రుడి తోడ్పాటుతో, తుని ప్రాంత జమీందారీ అండతో సొంత సర్కస్ కంపెనీ నిలబెట్టాడు.

ఆ డేరాలో జంతువులు, ఊయలలు అన్నీ ఉన్నా జనం ఎదురుచూసింది రామ్మూర్తి వంతు కోసం. ఛాతీ చుట్టూ ఇనుప గొలుసు బిగించి కట్టేవారు. ఊపిరి నిండా పీల్చి బిగబట్టేసరికి గొలుసు లంకెలు పుటుక్కున తెగేవి. రెండు భుజాలకు గొలుసులు కట్టి, వాటి రెండో కొసలను రెండు కార్లకు తగిలించి, కార్లను ఎదురెదురు దిక్కులకు నడపమనేవాడు. చక్రాలు తిరిగేవి, కార్లు మాత్రం కదిలేవి కావు. చివరి అంశంలో పడుకుని ఛాతీ మీద చెక్క పరిపించుకునేవాడు. దాని మీద ఏనుగు కాలు మోపి నిలబడేది. మాంసం ముట్టని శాకాహారి ఇంత బలం చూపడం ఆనాటి పత్రికలకూ అరుగుల మీది కబుర్లకూ పెద్ద విషయం. యోగాభ్యాసం, ప్రాణాయామం తన బలానికి మూలమని ఆయన చెప్పుకునేవాడు. విదేశాలకు వెళ్లినప్పుడు లండన్‌లో ఐదో జార్జి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. ఇండియన్ హెర్క్యులిస్ అనే బిరుదు అక్కడే వచ్చింది. తెలుగు జనం మాత్రం ఆయన్ను కలియుగ భీముడనే పిలిచారు.

స్వదేశీ ఉద్యమ కాలంలో ఈ ప్రదర్శనకు వినోదాన్ని మించిన అర్థం వచ్చింది. బ్రిటిష్‌వాడి కారును ఒక తెలుగువాడు కదలకుండా పట్టి ఆపడం చూసిన జనం దాన్ని వట్టి కసరత్తుగా తీసుకోలేదు. కోస్తా పట్నాల్లో వ్యాయామశాలలు, దండీలు, బస్కీలు కుర్రకారుకు మోజుగా మారడంలో రామ్మూర్తి పేరుకు వాటా ఉంది. సంపాదించినదాంట్లో చాలా భాగం దానాలకే పోయింది. చివరి రోజుల్లో కాలికి జబ్బు చేసి శస్త్రచికిత్సలో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశా ప్రాంతంలో కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆ కంపెనీని అదే స్థాయిలో నడిపేవారు లేకపోయారు. విశాఖపట్నం సాగరతీరంలో ఆయన విగ్రహం, శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడా మైదానం ఉన్నాయి.

రెండు రాజ్యాల అంచున

సర్కస్ ఊపందుకున్న రోజుల్లో దమ్మపేట ప్రాంతం నిజాం రాజ్యపు తూర్పు కొసన ఉండేది. అడవి దాటితే బ్రిటిష్ వారి గోదావరి జిల్లా. ఇక్కడి కుటుంబాలకు డేరా దగ్గరికి రెండు దారులుండేవి. పడమటి దారి కొత్తగూడెం, ఖమ్మం వైపు. నిజాం రైల్వే లైను 1889 నాటికి ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది. బొగ్గు గనుల కోసం కొత్తగూడెం దాకా వేసిన శాఖా మార్గం చివరి స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు. తూర్పు దారి జంగారెడ్డిగూడెం మీదుగా ఏలూరు, రాజమండ్రి వైపు. అక్కడ మద్రాసు, కలకత్తాలను కలిపే ప్రధాన లైను ఉంది.

తూర్పుకు వెళ్తే రాజ్యమే మారేది. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా అటువైపు చెల్లదు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు, అంటే బ్రిటిష్, రూపాయలకు దాదాపు సమానం. ఎల్లల మీద కరోడ్‌గిరి నాకాలలో సరుకుకు సుంకం కట్టించుకునేవారు. ఆటకు బయల్దేరిన కుటుంబం టికెట్టు డబ్బుతో పాటు మారకం లెక్క కూడా చూసుకోవాల్సి వచ్చేది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ తేడాలు ఒక్కొక్కటే తొలగిపోయాయి.

కంపెనీ వాళ్లు మకాం ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసేవారు. దిగడానికి రైల్వే స్టేషను దగ్గరలో పెద్ద మైదానం ఉండాలి. జనం చేతిలో నగదు ఆడాలి. సింగరేణి గనుల కేంద్రంగా ఎదిగిన కొత్తగూడెం రెండింటికీ సరిపోయే పట్నం. పంట చేతికి రాకపోయినా గని కార్మికుడికి నెలనెలా జీతం వస్తుంది. ఆ డబ్బు కిరాణా కొట్టు, సినిమా హాలు, నాటకాల పందిరితో పాటు సర్కస్ కౌంటరుకూ చేరేది. చుట్టుపక్కల వ్యవసాయ గ్రామాల రాబడి మాత్రం కోతల మీద ఆధారపడింది. అందుకే సంక్రాంతి దాటాక మొదలై శ్రీరామనవమి దాకా సాగే కాలమే ఆటకు అదను. వరి ఇంటికి చేరుతుంది, వాన ఉండదు, కాన్వాసు తడవదు, బండి దారులు గట్టిపడతాయి.

బండి కట్టిన రోజు

సర్కస్ వచ్చిందన్న కబురు రెండు రకాలుగా చేరేది. మొదటిది కరపత్రం. జట్కా మీదో జీపు మీదో డప్పు, మైకు పెట్టి, పులి బొమ్మ అచ్చేసిన రంగు కాగితాలు వెదజల్లుతూ మనుషులు చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవారు. రెండోది వెలుగు. పెద్ద కంపెనీలు రాత్రిపూట డేరా మీద బలమైన లైటు పెట్టి ఆకాశంలో గుండ్రంగా తిప్పేవి. కరెంటు లేని పల్లెల చీకట్లో ఆ తెల్లటి పట్టీ మబ్బుల మీద పాకుతుంటే, ఆరుబయట మంచాల మీద పడుకున్నవాళ్లకు మైళ్ల దూరం నుంచే కనిపించేది.

దమ్మపేట లాంటి ఊరి నుంచి పట్నం వెళ్లి రావడం పూట పని కాదు. ఎడ్ల బండి రోజుల్లో గూడు బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, ముసలివాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టేవారు. పులిహోర, పెరుగన్నం, ఊరగాయ మూట కట్టేవారు. ఎడ్లకు మేత వెనక తగిలించి, బండి కింద లాంతరు వేలాడదీసేవారు. ఒకే ప్రయాణంలో నాలుగు పనులు చక్కబెట్టుకోవడం రివాజు. బట్టల కొట్లో పండుగ జవిళి, ఆసుపత్రిలో ముసలాయనకు మందు, బంధువుల ఇంట ఒక రాత్రి మకాం, చివరికి సర్కస్. ఆర్టీసీ బస్సులు పెరిగాక, ట్రాక్టర్లు వచ్చాక ఈ ప్రయాణం తేలికైంది. ట్రాక్టరు ట్రాలీలో ఇరుగుపొరుగు కుటుంబాలు కూడా ఎక్కి, రాత్రి ఆట చూసి తెల్లవారేలోగా ఇల్లు చేరేవారు.

సినిమాకు ఆడవాళ్లను పంపడానికి వెనకాడే ఇళ్లు కూడా సర్కస్‌కు అడ్డు చెప్పేవి కావు. చూసేది కథ కాదు, కసరత్తు. భాష రాకపోయినా ఫరవాలేదు. తెలుగు తప్ప మరొకటి తెలియని ముసలమ్మకూ, ఇంట్లో కోయ భాష మాట్లాడే కుటుంబానికీ, బొగ్గు గనుల పనికి పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకీ ఆట ఒకేలా అర్థమయ్యేది. నేల, గ్యాలరీ, కుర్చీ అని తరగతులున్నా బరి గుండ్రంగా ఉండటంతో అందరికీ అన్నీ కనిపించేవి.

డేరా లోపల

1951లో ఎం.వి. శంకరన్, కె. సహదేవన్ అనే ఇద్దరు మలయాళీలు మూలపడ్డ విజయ సర్కస్‌ను కొని జెమిని సర్కస్‌గా మార్చారు. దాని తొలి ఆట ఆ ఏడాది ఆగస్టు 15న గుజరాత్‌లోని బిలిమోరాలో జరిగింది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు ఇళ్లలో సర్కస్ అనగానే నోటికొచ్చే పేరు ఇదే. శంకరన్ కుటుంబమే 1977లో జంబో సర్కస్ మొదలుపెట్టింది. శంకరన్ 2023లో మరణించాడు.

ఆట బ్యాండు మోతతో మొదలయ్యేది. కళాకారులంతా బరి చుట్టూ తిరిగి దండం పెట్టేవారు. తర్వాత గుర్రాలు, తీగ మీద నడక, ఒంటి చక్రం సైకిలు, గొడుగు పట్టిన ఏనుగు, సైకిలు తొక్కే ఎలుగుబంటి. ఒక అంశానికీ మరొక అంశానికీ నడుమ సరంజామా మార్చడానికి వ్యవధి కావాలి. ఆ ఖాళీని నింపడమే జోకరు పని. పొట్టివాడు పొడుగువాణ్ణి తన్నబోయి తానే బోర్లా పడటం చూసి పిల్లలు పొట్ట పట్టుకుంటుండగా, వెనక పనివాళ్లు పులుల కోసం ఇనుప కటకటాలు బిగించేవారు. ఇనుప జల్లెడ గోళంలో మోటారు సైకిళ్లు తలకిందులుగా తిరిగేవి. చివరన వల కట్టి ఊయలలు వదిలేవారు. ఊయల విన్యాసంలో చూపంతా ఎగిరేవాడి మీద ఉంటుంది, భారమంతా పట్టుకునేవాడి మీద ఉంటుంది. తలకిందులుగా వేలాడుతూ ఎదుటివాడి మణికట్టును అందుకోవడంలో రెప్పపాటు తేడా వచ్చినా ఇద్దరికీ ముప్పే.

అడవి అంచు ఊళ్లవాళ్లకు జంతువుల ఆట మరో రకంగా తోచేది. పట్నవాసికి ఎలుగుబంటి వింత. దమ్మపేట చుట్టుపక్కల అడవికి వెళ్లేవాళ్లకు అది పొంచి ఉండే ప్రమాదం. వేసవి మొదట్లో ఇప్పపువ్వు ఏరుకునే వేళ మనుషులూ ఎలుగులూ ఒకే చెట్టు కిందికి చేరడం ఇక్కడ మామూలు. అలాంటి మృగం కొరడా చప్పుడుకు లొంగి చిన్న సైకిలు తొక్కడం ఇక్కడివాళ్లకు నవ్వుతో పాటు ఆశ్చర్యాన్నీ కలిగించే విషయం. 1977లో పాల్వంచ దగ్గర కిన్నెరసాని అడవిని, 1978లో పాపికొండల అడవిని అభయారణ్యాలుగా ప్రకటించారు. అడవిలోని జంతువుకు రక్షణ దొరికాక, డేరాలోని జంతువు మాటేమిటన్న ప్రశ్న రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

సినిమా కూడా సర్కస్ మోజును వాడుకుంది. 1980లో ఎన్.టి. రామారావు కథానాయకుడిగా సర్కస్ రాముడు వచ్చింది. 1989లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన విచిత్ర సోదరులులో కమల్‌హాసన్ వేసిన పొట్టి అప్పు సర్కస్ జోకరే.

ఊరి నడుమ సైకిలు

డేరా చేరని ఊళ్లలో చిన్న సర్కస్ ఒకటి నడిచేది. దాని పెట్టుబడి ఒక పాత సైకిలు, ఒక మైకు సెట్టు, నాలుగు ట్యూబులైట్లు. సైకిలు తొక్కేవాడు ఊరి కూడలిలో గుండ్రంగా దారి గీసుకుని, నేల మీద కాలు మోపకుండా రోజుల తరబడి తిరిగేవాడు. తిండి, స్నానం, చొక్కా మార్చుకోవడం అన్నీ సైకిలు మీదే. సాయంత్రం జనం చేరాక సినిమా పాటలకు చిందులు వేయించి, ట్యూబులైట్లు ఛాతీ మీద పగలగొట్టించుకుని, పళ్లతో బరువులు ఎత్తేవాడు. మనిషిని గోతిలో పూడ్చి కొంతసేపటికి బయటికి తీసే అంశం చివరి రోజుకు అట్టిపెట్టేవారు. ఊరిపెద్దలు నోట్ల దండ వేసి సాగనంపేవారు. దొమ్మరి గడకూ డేరా సర్కస్‌కూ నడిమి రూపమిది. టికెట్టు లేకపోవడం, చందా మీద బతకడం గడ నుంచి వచ్చాయి. మైకు, పాట, జోకరు వేషం డేరా నుంచి వచ్చాయి.

బోనులు ఖాళీ అయిన కాలం

1991 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొన్ని అడవి జంతువులకు శిక్షణ ఇవ్వడాన్నీ ప్రదర్శించడాన్నీ నిషేధిస్తూ ప్రకటన ఇచ్చింది. కంపెనీలు కోర్టుకు వెళ్లడంతో అది ఆగింది. 1998 అక్టోబరులో ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను పేర్కొంటూ మరో ప్రకటన వచ్చింది. దాన్ని 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు సమర్థించాయి. ఇరుకు బోనుల్లో ఏళ్ల తరబడి ఊళ్లు తిరగడం, నొప్పి పెట్టి లొంగదీయడం క్రూరత్వమేనని న్యాయస్థానాలు తేల్చాయి.

డేరాల నుంచి తెచ్చిన సింహాలకు, పులులకు దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు కట్టారు. తెలుగునాట అవి విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలలకు అనుబంధంగా వచ్చాయి. సర్కస్ సింహాల్లో చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం కావడంతో వాటికి పిల్లలు కలగనివ్వలేదు. ముసలివై ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

రెండో మార్పు పిల్లల విషయంలో వచ్చింది. ఒళ్లు విల్లులా వంచే విన్యాసాలకు చిన్న వయసులోనే సాధన మొదలుపెట్టాలి. దాన్ని సాకుగా చేసుకుని పేద కుటుంబాల పిల్లలను, ముఖ్యంగా నేపాల్ నుంచి ఆడపిల్లలను, తెచ్చి కట్టిపడేసిన ఉదంతాలు బయటపడ్డాయి. బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సర్కస్‌లో పిల్లల చేత పని చేయించకూడదని, ఉన్నవారిని విడిపించి పునరావాసం కల్పించాలని ఆదేశించింది.

సర్కస్ తగ్గుదలకు చట్టాలొక్కటే కారణం కాదు. 1980ల నుంచి ఇళ్లలోకి టీవీ వచ్చింది. పట్నాల నడుమ ఖాళీ మైదానాల్లో భవనాలు లేచాయి. వందల మందికి తిండి, జీతం, స్థలం అద్దె, డీజిలు ఖర్చు పెరిగిపోయాయి. మిగిలిన కంపెనీలు విదేశీ కళాకారులతో, ఊయలలతో, మోటారు సైకిళ్లతో ఆట నెట్టుకొస్తున్నాయి. కుటుంబంతో వెళ్లి చూసే అలవాటు చాలావరకు ఎగ్జిబిషన్లకు మళ్లింది. జెయింట్ వీలు, చెక్క గోడల బావిలో కార్లు, మోటారు సైకిళ్లు తిప్పే ఆట, మిర్చిబజ్జీల అంగళ్లు ఇప్పుడు ఆ చోటు తీసుకున్నాయి.

కళాకారుల స్థితి రాష్ట్రాన్ని బట్టి వేరుగా ఉంది. కేరళ ప్రభుత్వం విశ్రాంత సర్కస్ కళాకారులకు పింఛను ఇస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో దొమ్మరులను వెనకబడిన తరగతుల ఎ వర్గంలో చేర్చారు. వారిలో చాలామంది గడ దించి కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు మళ్లారు.